సాక్ష్యాన్ని బట్టి చలానా

మా సంఘంలో ఒకసారి వరుసగా ఏడు ఆదివారాలు ఎవరూ సరైన సాక్ష్యం చెప్పలేదు. ఇది సాతాను పని అని పాస్టరు గారు తేల్చి, శుక్రవారాలు ఉపవాస ప్రార్థన పెట్టారు. నేనూ రెండు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాను. మూడో శుక్రవారానికి గాని తెలియలేదు, ఆ రెండు పూటలూ నేను కడుపు మాడ్చుకున్నది నాకు వ్యతిరేకంగానేనని.

నేను తిరువూరులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. చివరి నాలుగేళ్లూ బస్టాండు సెంటర్లోనే డ్యూటీ. చేతిలో చలానా మెషీను, నోట్లో ఈల, నెత్తిన ఎండ. కొత్తగా డిపార్టుమెంటులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, "మీ సర్వీసులో పెద్ద కేసు ఏంటి సార్?" అని అడుగుతారు. హత్యలూ దొంగతనాలూ చెబుతాననుకుంటారు. నేను ఒక షేర్ ఆటో మీద రాసిన చలానా గురించి మొదలుపెడతాను. వాళ్ల మొహాలు వాలిపోతాయి. అయినా ఆపను. టీ తాగారు కదా, వినాలి.

మామిడికాయల రోజులు. కమీషన్ వ్యాపారి ఒకాయన పెద్ద కారును సరిగ్గా బస్సులు తిరిగే మలుపులో ఆపి, ఎదురుగా ఉన్న హోటల్లో పెసరట్టు తింటున్నాడు. చలానా రాశాను. ఆయన బయటికి వచ్చి, పళ్ల మధ్య పుల్ల అలాగే ఉంచుకుని, ఫోనులో అక్కడికక్కడే కట్టేశాడు.

"హెడ్డు గారూ, ఇంకోటి కూడా రాసేయండి. సాయంత్రం టీకి వచ్చినా ఇక్కడే పెడతా."

వేళాకోళం కాదు. ముందే కట్టే వీలుందా అని నిజంగానే అడిగాడు.

అదే పూట పెనుగొలను నుంచి మోపెడ్ మీద వంకాయల మూటతో వచ్చిన ముసలాయనకు హెల్మెట్ లేదని రాశాను. ఈ చలానా మీదా అదే అంకె. ఆయన ఫోనులో వచ్చిన మెసేజీని పక్కనున్న పూలమ్మాయితో చదివించుకుని, మూట కిందికి దించి నా బూట్ల దగ్గర పెట్టాడు.

"ఇది మీరే తీసుకోండయ్యా. మొత్తం అమ్మినా అంత రాదు."

ఒకాయనకు అది పార్కింగు ఫీజు. ఇంకొకాయనకు ఆ రోజు కోసుకొచ్చిన పంట.

సాయంత్రం స్టేషన్లో ఎస్సై గారితో ఈ సంగతి చెప్పాను. ఆయనది నా కొడుకు వయసు. బాగా చదువుకుని వచ్చినవాడు.

"చలి దేశాల్లో ఆదాయాన్ని బట్టి వేస్తారు హెడ్డు గారూ. అక్కడ కోటీశ్వరుడు స్పీడుగా పోతే మన స్టేషన్ మొత్తం జీతాలంత పడుద్ది."

"వాళ్లు ఇప్పుడు కనిపెట్టారు సార్. మా బైబిల్లో మోషే ఎప్పుడో చెప్పాడు. తప్పు చేసినవాడు గొర్రెపిల్లను తేవాలి. అంత తాహతు లేకపోతే రెండు గువ్వల్ని తేవాలి. అదీ లేకపోతే కాసింత గోధుమపిండి తెస్తే చాలు."

"బానే ఉంది గానీ, మన మెషీన్లో గువ్వలకి సెక్షన్ లేదండీ," అని ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు.

నేను నవ్వలేదు. ధర్మశాస్త్రం విషయంలో నాకు చిన్నప్పటి నుంచీ నవ్వు రాదు. మా నాన్న వాక్యం కంఠతా పట్టించి, తప్పితే తొడపాశం పెట్టేవాడు. ఎస్సై గారు మరచిపోయిన ఆ మాట నా తలలో ఉండిపోయింది.

ఇక్కడ కొంచెం పని సంగతి చెప్పాలి. ఏ తప్పుకు ఎంత అన్నది పైనుంచి మెషీన్లోనే వచ్చేస్తుంది. ఒక్క రూపాయి తగ్గించడం మా చేతుల్లో లేదు. కానీ మా ఊళ్లో ఆపిన ఏ బండికైనా నాలుగు తప్పులు దొరుకుతాయి. పొల్యూషన్ కాగితం ఉండదు, అద్దం విరిగి ఉంటుంది, నంబరు సగం చెరిగి ఉంటుంది, మనుషులు ఎక్కువ ఉంటారు. అన్నీ నొక్కాలా, ఒకటే నొక్కి పంపాలా అన్నది నా వేలి ఇష్టం. నాలుగు నొక్కితే గొర్రెపిల్ల. రెండు నొక్కితే గువ్వలు. ఒకటే నొక్కితే పిండి. చలి దేశాలవాళ్లు చట్టసభలో చేసినదాన్ని నేను బస్టాండు సెంటర్లో బొటనవేలితో చేయబోతున్నానన్న గర్వం నాకు అప్పుడే కలిగింది.

చిక్కల్లా ఒకటే. ఎవరికి ఎంత ఆదాయమో తెలిసేదెలా? తెల్ల రేషన్ కార్డులను నమ్మితే తిరువూరులో రాబడి ఉన్న మనిషి ఒక్కడూ లేడు. పెసరట్టు వ్యాపారికి కూడా తెల్ల కార్డే.

జవాబు ఆదివారం దొరికింది.

సంఘం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. మా ఆరాధనలో పాటలయ్యాక, ప్రసంగానికి ముందు సాక్ష్యాలు ఉంటాయి. ఆ వారం దేవుడు ఎవరికి ఏ మేలు చేశాడో లేచి మైకులో చెబుతారు. జ్వరం తగ్గిందని, బోరులో నీళ్లు పడ్డాయని, కౌలు తోటలో కాపు బాగుందని. అందరూ "స్తోత్రం" అంటారు. ఆ రోజు ట్రాక్టరు ఉన్న సోదరుడు ఒకాయన లేచి, ఆ సీజన్లో దేవుడు తనకు ఎన్ని వేలు దయచేశాడో లెక్కతో సహా చెప్పాడు. నాకు ఒళ్లు జలదరించింది. తహసీల్దారు ముందు అబద్ధం చెప్పేవాడు కూడా దేవుడి ముందు చెప్పడు కదా! ఇంతకంటే నమ్మకమైన ఆదాయ ధ్రువపత్రం ఎక్కడ దొరుకుతుంది?

చేతికి మైకు వస్తే మాట కాస్త పొంగుతుందని, పదివేలు పదిహేను వేలవుతుందని, దగ్గు న్యుమోనియా అవుతుందని నాకు తెలియక కాదు. నలభై ఏళ్లుగా వింటున్నాను. నా మోకాలి నొప్పి తగ్గినప్పుడు నేను కూడా దాన్ని పక్షవాతం దాకా తీసుకెళ్లాను. కానీ ఆ రోజు నుంచి పోలీసు బుర్రతో ప్రతి సాక్ష్యాన్నీ వాంగ్మూలంలాగా తీసుకోవడం మొదలుపెట్టాను.

మా సంఘంలో మగవాళ్లు సగం మంది చక్రాల మీద బతికేవాళ్లే. ఆటోలు, ట్రాక్టర్లు, పాల బళ్లు. బయటివాళ్లకు పాత పద్ధతే ఉంచి, నా సంఘం వాళ్లకు మాత్రం మోషే పద్ధతి అమలు చేశాను. తీర్పు దేవుడి ఇంటి దగ్గరే మొదలవ్వాలని నా ఉద్దేశం. వాళ్లెవరూ ఆ భాగ్యం కోసం ప్రార్థన చేయలేదన్న సంగతి నాకు తోచలేదు. ట్రాక్టరు సోదరుడికి మంగళవారం గొర్రెపిల్ల పడింది. భర్త ఆసుపత్రిలో ఉన్నాడని ఏడ్చిన స్కూటీ సోదరికి పిండి. నేను ఎంత న్యాయంగా ఉన్నానో నాకే ముచ్చటేసేది.

ఇక ఆటో కుర్రాడు. కుర్రాడంటే ముప్పై అయిదేళ్లు, ఇద్దరు పిల్లలు. తిరువూరు, విస్సన్నపేట మధ్య షేర్ ఆటో తిప్పేవాడు. నన్ను బాబాయ్ అనేవాడు. ఆ ఆటో ఫైనాన్సులో తీసుకున్నది. కిస్తీలు కట్టలేకపోతున్నానని చెప్పుకుంటే, సంఘమంతా వాడి కోసం మూడు ఉపవాస ప్రార్థనలు చేసింది. షుగరు ఉన్న పాస్టరమ్మ గారు కూడా మందు మింగి, అన్నం మానేసి కూర్చున్నారు. ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర ఆవిడ వాణ్ణి ఆపి, "ఏం నాయనా, ప్రభువు జవాబిచ్చాడా?" అని అడిగేవారు.

నాలుగో ఆదివారం వాడు లేచాడు. దేవుడు తన అప్పంతా తీర్చేశాడన్నాడు. ఇంకో ఆటో కూడా చూసుకుంటున్నానన్నాడు. ఆడవాళ్లు ఏడ్చారు. పాస్టరమ్మ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేను మనసులో రెండో ఆటో కూడా నోట్ చేసుకున్నాను.

బుధవారం బస్టాండు దగ్గర వాడి ఆటో ఆపాను.

"వందనాలు బాబాయ్."

"వందనాలు రా. ఎంతమందిని ఎక్కించావ్?"

"ఆరుగురే బాబాయ్."

"మరి నీ ఒళ్లో ఉన్న ఆ కాళ్లు ఎవరియ్యి?"

వాడి పక్కన ఇరుక్కుని కూర్చున్న ఇద్దరు కిందికి దిగారు. నేను వరుసగా నాలుగూ నొక్కాను. వాడి ఫోను మోగింది. మెసేజీ చూసుకుని వాడి మొహం పాలిపోయింది.

"ఇంతేంటి బాబాయ్? ఎప్పుడూ ఒకటే రాసేవాళ్లుగా?"

"అప్పుడు నీకు అప్పుండేది. ఇప్పుడు దేవుడిచ్చాడుగా. మొన్న నువ్వే కదరా చెప్పింది?"

వాడు నన్ను చూశాడు, ఆటో అద్దం మీద అంటించిన వాక్యం స్టిక్కరును చూశాడు. "అవును బాబాయ్," అని ఎక్కి పోయాడు. ఎంత దీనుడు, ఎంత విధేయుడు అనుకున్నాను. పోలీసువాడికి అనుమానం రావలసిన చోట నాకు ఆశీర్వాదం కనబడింది.

ఆ తర్వాతే సంఘంలో కరువు మొదలైంది. పాస్టరు గారు "సాక్ష్యాలు?" అని మైకు చాపితే అందరూ ఫ్యాను చూసేవాళ్లు. మరీ బతిమాలితే ఎవరో ఒకరు లేచి, తుమ్ములు తగ్గాయని చెప్పి కూర్చునేవారు. ఒక సోదరి అయితే నా వైపు ఒక చూపు చూసి, "ఈ వారం దేవుడు నాకేమీ ఇవ్వలేదు. అందును బట్టి స్తోత్రం," అంది. ఆటోలన్నీ రెండు వీధుల అవతల పెట్టి నడిచొచ్చేవాళ్లు. నేను వాళ్ల వినయానికి మురిసిపోయి, సాక్ష్యాలు ఎండిపోయినందుకు మాత్రం దుఃఖపడి ఉపవాసం ఉన్నాను.

అసలు సంగతి బయటపడింది మూడో శుక్రవారం. పొద్దున పదింటప్పుడు సెంటర్లో గుమిగూడిన జనాన్ని చెదరగొట్టడానికి వెళితే, మధ్యలో మా సంఘం కుర్రాడి ఆటో ఉంది. ఫైనాన్సు నుంచి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకడు స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. మావాడు ఆటో ముందు నిలబడ్డాడు.

"సార్, మీరే చెప్పండి. నాలుగు నెలల కిస్తీ బాకీ. బండి తీసుకెళ్తున్నాం," అన్నాడు రెండోవాడు.

"ఏ కిస్తీలయ్యా? ఇతని అప్పు తీరిపోయింది."

"ఎవరు చెప్పారు సార్?"

"ఇతనే చెప్పాడు. నేను స్వయంగా విన్నా."

ఆ ఫైనాన్సు కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. "అందరూ అట్టాగే చెప్తారు సార్. ఈ నెల ఇస్తానని దేవుడి మీద ఒట్టేశాడు. తీరా చూస్తే ఫిట్‌నెస్‌కి పోతే పాత చలానా కడితేనే సర్టిఫికెట్ ఇస్తామన్నారంట. మాకు దాచిన డబ్బులు తీసుకెళ్లి దానికి కట్టాడు. ఎవడో నాలుగు సెక్షన్లు రాశాడంట. ఏం కక్షో ఏంటో!"

ఆ ఎవడో యూనిఫాం వేసుకుని వాడి ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

మావాణ్ణి పక్కకు లాక్కెళ్లాను. "అబద్ధం చెప్పావురా? అదీ మందిరంలో?"

"అందరూ పస్తులుండి ప్రార్థన చేశారు బాబాయ్. పాస్టరమ్మ గారు వారం వారం అడుగుతున్నారు. ఇంకా జవాబు రాలేదని ఎన్నిసార్లు చెప్పను? దేవుడికి మాటొచ్చుద్దని..." ఆగి, కళ్లు తుడుచుకున్నాడు. "ఆయన పరువు కాపాడదామని చెప్పా."

దేవుడి పరువు కాపాడబోయి ఒకడు, దేవుడి న్యాయం నడపబోయి ఇంకొకడు. మధ్యలో ఆటో పోతోంది. ఆ ఆటో పోతే పిల్లలిద్దరికీ అన్నం పెట్టే దారి వాడికి వేరే లేదు.

ఫైనాన్సు కుర్రాళ్లను సోమవారం దాకా గడువు అడిగాను.

"మీరు పూచీయా సార్?"

"నేనే పూచీ."

"రాసిస్తారా?"

"రాయడం నాకు అచ్చిరాలేదు నాయనా. మాట తీసుకెళ్లు."

ఇంటికి వచ్చి మా ఆవిడతో చెబుతుంటే ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తల కూడా ఎత్తలేదు.

"మీకు ఇప్పుడు తెలిసిందా? వాటర్ ప్లాంటు దగ్గర ఆడాళ్లంతా ఎప్పుడో కనిపెట్టారు. ట్రాక్టరాయన ఆదివారం సాక్ష్యం చెప్పాడు, మంగళవారం నాలుగు పడ్డయ్. ఆయన తమ్ముడు నోరు మూసుకున్నాడు, ఒకటే పడింది. అప్పట్నుంచీ ఎవరైనా నోరు తెరుస్తారా?"

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"చెబితే నాకూ రాస్తారేమోనని."

ధర్మశాస్త్రం తీశాను. ఒకడి దగ్గర అన్యాయంగా తీసుకున్నవాడు మొత్తం తిరిగి ఇచ్చి, దాని పైన అయిదో వంతు కలపాలని ఉంది. ఆ మాటే మా ఆవిడకు చెప్పాను.

"ఆ అయిదో వంతు ఎవరు పెట్టారండీ?"

"మోషే."

"ఆయనకేం! తినడానికి మన్నా ఆకాశం నుంచి పడేది. కిరాణా కొట్టు బాకీ మనది." అలా అంటూనే లేచి, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి, తను దాచుకున్నది తెచ్చి నా ముందు పెట్టింది. నా జీతంలోంచి తీసినదానికి అది కలిపితే ఒక కిస్తీ పైన కాస్త మిగిలింది.

ఆ రాత్రి గొర్రెపిల్ల అధ్యాయం మళ్లీ చదివాను. నలభై ఏళ్లుగా చూడనిది అప్పుడు చూశాను. గొర్రెపిల్లా, గువ్వలా, పిండా అని తేల్చింది బలి అర్పించే యాజకుడు కాదు. తన చేతికి ఎంత అందుతుందో తప్పు చేసినవాడే చూసుకుని తెచ్చేవాడు. యాజకుడు పిండి పట్టుకొచ్చినవాడి ఇంటికి వెళ్లి దొడ్లో గొర్రెలు లెక్కపెట్టినట్టు ఎక్కడా లేదు. మా నాన్న ఉంటే తొడపాశం పెట్టి ఉండేవాడు.

ఆదివారం పాస్టరు గారు ఆశ లేకుండానే మైకు చాపారు. నేను లేచాను. హాలంతా బిగుసుకుపోయింది. ఇంకొకరి మీద ఏం చెబుతానోనని వాళ్ల భయం.

"మూడు శుక్రవారాలుగా మనం ఎవరికి వ్యతిరేకంగా ఉపవాసం ఉంటున్నామో వాణ్ణి నేను పట్టుకున్నాను. వాడు నేనే," అని మొదలుపెట్టి అంతా చెప్పాను. గొర్రెపిల్లతో సహా. వెనక ఎవరో పిల్ల కిసుక్కుమంది.

నేను కూర్చోక ముందే ఆటో కుర్రాడు లేచాడు. మైకు తీసుకోలేదు. "దేవుడు నా అప్పు తీర్చలేదు. నేను అబద్ధం చెప్పా," అన్నాడు. ఎవరూ స్తోత్రం అనలేదు. అప్పుడు పాస్టరమ్మ గారు ముందు వరుసలోంచి వెనక్కి తిరిగి, "అయితే ఇంకా అడుగుదాంలే నాయనా. దానికంత సిగ్గెందుకు?" అన్నారు.

ఆ తర్వాత ఆగలేదు. ట్రాక్టరు సోదరుడు లేచి తను చెప్పినదాంట్లో సగమే నిజమన్నాడు. ఒకావిడ తన అల్లుడికి వచ్చింది గవర్నమెంటు ఉద్యోగం కాదు, కాంట్రాక్టు అంది. పక్షవాతం సంగతి నేనే మళ్లీ లేచి సర్దుకున్నాను. మా సంఘం పుట్టిన తర్వాత అన్ని మేలులు వెనక్కి తీసుకున్న ఆదివారం అదొక్కటే. పాస్టరు గారు ప్రసంగం మానేసి ప్రార్థన చేసి పంపించేశారు.

సోమవారం ఫైనాన్సు వాళ్లకు ఒక కిస్తీ ముట్టింది. మిగతా మూడింటికి వాయిదా ఇచ్చారు. ఎస్సై గారికి నేనే వెళ్లి చెప్పాను.

"మీకు మెమో ఇవ్వాలి హెడ్డు గారూ. కానీ ఏమని రాయను? మోషే చట్టం ప్రకారం డ్యూటీ చేశాడనా?" అని తల పట్టుకున్నాడు. మెమో బదులు నెల రోజులు మెషీను లాక్కుని, ఎ.కొండూరు వైపు చెక్‌పోస్టులో కూర్చోబెట్టాడు. అక్కడ దోమలకు మాత్రం పేదా గొప్పా తేడా లేదు.

పిల్లలూ, నా అభిప్రాయం మారలేదు. పెసరట్టు వ్యాపారికీ వంకాయల ముసలాయనకూ ఒకే జరిమానా అన్యాయమే. ఆ తేడా చట్టంలోనే రాస్తే మొదటి చలానా రాయడానికి ఇప్పుడైనా ఈల వేసుకుని వస్తాను. అందాకా అది హెడ్ కానిస్టేబుల్ వేలికి వదలకూడదు. మెషీను తిరిగి చేతికి వచ్చాక నేను ఎవరి రాబడీ లెక్కగట్టలేదు. తప్పులున్నవాణ్ణి ఆపి, మూడు రకాలూ చెప్పి, నీ చేతికి ఏది అందుతుందో నువ్వే చెప్పు అనేవాణ్ణి. ఇది కూడా రూల్సులో లేదు, మీరు చేయకండి. వ్యాపారి కారు బానెట్ మీద చెయ్యేసి మరీ "పిండి" అన్నాడు. ఆయన్ని దేవుడికీ ఇన్‌కంటాక్స్ వాళ్లకీ వదిలేశాను.

నా రిటైర్మెంటుకు ఒక నెల ముందు విస్సన్నపేట ఆటో మళ్లీ ఎదురైంది. లోపల తొమ్మిది మంది. నా వేలు మెషీను మీద ఉంది.

"చెప్పరా. ఏది?"

"పిండి అని చెప్పొచ్చు బాబాయ్." తల గోక్కున్నాడు. "కానీ బాకీ కిస్తీలు మొన్నటితో అయిపోయినయ్. నిజంగానే. గువ్వలు రాసుకోండి."

వెనక సీట్లోంచి ఒక ముసలమ్మ తల బయట పెట్టింది. "గువ్వలూ కోళ్లూ తర్వాత బేరమాడుకోండయ్యా. పన్నెండు దాటితే విస్సన్నపేటలో నా డాక్టరు లేచిపోతాడు."

రెండు నొక్కాను. వాడి జేబులో ఫోను మోగింది. చూసుకుని, ఆటో స్టార్ట్ చేసి, "వందనాలు బాబాయ్," అన్నాడు.

నా సర్వీసు మొత్తంలో చలానా రాయించుకున్నాక నాకు వందనాలు చెప్పినవాడు వాడొక్కడే.